బహుమతి పుస్తకం మా రేవు దాకా రావాలి

సాహిత్య అకాడెమీ పురస్కారాల జాబితా సాధారణంగా డిసెంబరులో వెలువడుతుంది. ఇరవై నాలుగు భాషల పేర్లుంటాయి. నా కళ్లు ముందు తెలుగు పేరు మీదికి పోతాయి, ఆ వెంటనే ఒడియా పేరు మీదికి. రెండూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో పట్టుబడిన అలవాటు ఇది. ఉద్యోగం దిగిపోయాక కూడా వదల్లేదు. ఒడియా పుస్తకం బరంపురం బజారులో అడిగితే దొరుకుతుంది, లేకపోతే కటకం నుంచి తెప్పిస్తారు. తెలుగు పుస్తకానికి మాత్రం విజయవాడకో హైదరాబాదుకో ఫోన్ చెయ్యాలి, డబ్బు పంపాలి, వాళ్లు పంపేదాకా కాచుకోవాలి. ఒక్కోసారి ప్రచురించినవారి దగ్గరే ప్రతులుండవు. రచయితకు ఢిల్లీలో తామ్రఫలకం, శాలువ, లక్ష రూపాయలు అందుతాయి. పేపర్లో ఫొటో పడుతుంది. ఆ పుస్తకం చదువుదామని ఇక్కడ ఆశపడ్డ పాఠకురాలికి మాత్రం అది అందదు.

పురస్కారం ఇచ్చేది పుస్తకానికి కదా. అలాంటప్పుడు అది చదివేవాళ్ల చేతికి వెళ్లేదాకా ఇచ్చినవాళ్ల పని సగంలోనే ఉన్నట్టని నా అభిప్రాయం. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు ఆ మిగిలిన సగం అంతగా కనపడకపోవచ్చు. మా గోపాల్‌పూర్ ఒడ్డున నిలబడి చూస్తే కనపడుతుంది.

గోపాల్‌పూర్ బరంపురానికి పదహారు కిలోమీటర్లు. బ్రిటిషువాళ్ల కాలంలో ఇక్కడి నుంచి రంగూనుకు ఓడలు వెళ్లేవి. గంజాం జిల్లా కూలీజనం ఆ ఓడలెక్కి బర్మా వెళ్లి పొట్టపోసుకున్నారు. ఇప్పుడు ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకు తెలిసింది ఇసుక, దీపస్తంభం, 1914లో మొదలైన పామ్ బీచ్ హోటలు. వాటిని దాటి జాలరి వాడల్లోకి వస్తే వినపడేది తెలుగు. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. పర్యాటకులు నీళ్లలోకి దిగితే చెయ్యి పట్టుకుని కాపాడేవాళ్లు మావాళ్లే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేవరకూ ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆ తరవాత బడి ఒడియాకు మారింది, కచేరీ ఒడియాకు మారింది. ఇంట్లో, పడవలో, సంతలో తెలుగు ఉండిపోయింది. అందుకే మా వాడల్లో తెలుగు మాట్లాడేవాళ్లు వేలల్లో ఉన్నా, తెలుగు చదవగలిగినవాళ్లు చాలా తక్కువ.

నేనూ ఒడియా బడిలోనే చదివాను. తెలుగు అక్షరాలు నేర్చుకుంది చందమామలో. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రిక 1956లో ఒడియాలోకి 'జహ్నమాము' పేరుతో వచ్చింది. కథలు అవే, బొమ్మలు అవే. మా నాన్న చేపలు వేసి వస్తూ బరంపురంలో పాత కాగితాల కొట్టు నుంచి రెండు భాషల సంచికలూ తూకానికి తెచ్చేవాడు. ఒడియా సంచికలో చదివిన కథ బొమ్మ తెలుగు సంచికలో ఎక్కడుందో వెతికి పట్టుకునేదాన్ని. రెండూ పక్కపక్కన పరిచి, రాజు పేరెక్కడుందో, రాక్షసుడి పేరెక్కడుందో పోల్చుకుంటూ ఒక్కో అక్షరం విప్పుకున్నాను. అమ్మ చేపలు ఎండబెడుతూ, "ఏటే గుంటా, దాన్లో ఏటుందే, అంతలా సూత్తన్నావు?" అనేది. చదివి వినిపించేదాన్ని. అలా పైకి చదవడం అలవాటైంది. నా చదువు ఇప్పటికీ సగం గొంతుతోనే నడుస్తుంది, వినేవాళ్లుంటే ఇంకా బాగా నడుస్తుంది.

మాది అంచున ఉన్న ఊరని, సాహిత్యం ఇక్కడిదాకా రావడమే గొప్పని అనుకునేవాళ్లున్నారు. వాళ్లకు నేను ముందు చెప్పే పేరు తాపీ ధర్మారావు గారిది. ఆయన 1887 సెప్టెంబరు 19న బరంపురంలో పుట్టారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి దగ్గర చదువుకున్నారు. కల్లికోట రాజావారి కళాశాలలో లెక్కలు చెప్పారు. తరవాత మద్రాసు వెళ్లి పత్రికలు నడిపారు, 1938లో వచ్చిన 'మాలపిల్ల' సినిమాకు మాటలు రాశారు. దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకున్నాయని, పెళ్లి అనేది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగని కాలంలో అడిగి పుస్తకాలు రాశారు. 1971లో ఆయనకు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పురస్కారం వచ్చిన పుస్తకం 'విజయవిలాసము'కు ఆయన రాసిన హృదయోల్లాస వ్యాఖ్య. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగేళ్లు.

ఆ పుస్తకం పుట్టుక చూడండి. విజయవిలాసం రాసిన చేమకూర వెంకటకవి తంజావూరులో రఘునాథ నాయకుడి కొలువులో ఉన్నవాడు. తంజావూరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. వ్యాఖ్య రాసినాయన పుట్టిన బరంపురం ఒడిశాలో ఉంది. ఆ ఏడాది తెలుగుకు దక్కిన అత్యున్నత గౌరవం ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల బయట పుట్టిన కావ్యానికి, వాటి బయటే పుట్టిన మనిషి రాసిన వ్యాఖ్యకు వచ్చింది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ 1971లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్న వి.వి.గిరి గారు కూడా బరంపురంలో పుట్టినవారే, 1894లో. ఒక ఊరికి ఒకే ఏడు ఇంత భాగ్యం పట్టిందంటే ఆ ఊరి పిల్లలందరికీ కథలుకథలుగా తెలియాలి. బరంపురం కళాశాలల్లో చదివే తెలుగింటి పిల్లల్ని నేను అడుగుతుంటాను. గిరి గారి పేరు చెబుతారు. ధర్మారావు గారి పేరు వినలేదంటారు. విజయవిలాసం వ్యాఖ్యను చేతిలో పట్టుకుని చూసిన పిల్ల ఒక్కతీ తగల్లేదు. ఆయనకు ఇచ్చిన పురస్కారం ఆయన పుట్టిన ఊరికే చేరలేదని నాకు గట్టిగా అనిపించేది అప్పుడే.

ఎందుకు చేరలేదో చరిత్రలోనే ఒక కారణం ఉంది. 1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయ చట్టం తెచ్చింది. అప్పటికి మేం మద్రాసులో లేం. 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద వసూలవుతుంది, ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు తెలుగు పుస్తకాలు కొంటాయి. బరంపురానికి పాతిక కిలోమీటర్ల అవతల, ఆంధ్ర సరిహద్దులో ఇచ్ఛాపురం ఉంది. ఆ ఎనిమిది పైసలు ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతాయి. ఇవతల తెలుగు పాఠకుడు ఏ చట్టం లెక్కలోకీ రాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. గీత గీసినప్పుడు పుస్తకాల సంగతి ఎవరూ తలచుకోలేదు, అంతే.

గీత గీసినప్పుడు బాధపడినవాళ్లు మాత్రం ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు జీవితంలో ఎక్కువ భాగం పర్లాకిమిడిలో గడిపారు. అది 1936లో ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగువాళ్లకు ఆయన వ్యావహారిక భాషోద్యమం గుర్తుంటుంది. నాకు ఆయన సవరల మధ్య చేసిన పని ఇంకా ఎక్కువ ఇష్టం. సవర భాష నేర్చుకున్నారు, దానికి వాచకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ కృషికి పారితోషికం ఇవ్వబోతే తనకొద్దన్నారు, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. ఆ ప్రకారం బళ్లు పెట్టారు. పురస్కారం సొమ్ము పుస్తకం చదివే పిల్లల్ని తయారుచెయ్యడానికి వెళ్లాలన్న ఆలోచన మా గంజాం జిల్లాలోనే వంద సంవత్సరాల కిందటే ఒక మనిషికి వచ్చింది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

మళ్లీ అదే పని చేసినవారు కాళీపట్నం రామారావు మాస్టారు. 1995లో 'యజ్ఞంతో తొమ్మిది'కి అకాడెమీ పురస్కారం వచ్చింది. పురస్కారాల ద్వారా వచ్చిన డబ్బు, తన డబ్బు కలిపి శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. తెలుగులో అచ్చయిన కథ ఏదైనా సరే, ఏ పత్రికలో ఏ మూల పడినదైనా సరే, అక్కడికి చేర్చాలన్నది ఆయన పట్టుదల. బరంపురంలో రైలెక్కితే ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడ దాటి శ్రీకాకుళం రోడ్డులో దిగుతాం, అక్కడి నుంచి బస్సు. సెలవులు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. బైండు చేసిన పాత పత్రికల అట్టలు తిప్పుతూ గంజాం, పర్లాకిమిడి, బరంపురం అన్న మాట ఎక్కడ తగులుతుందా అని చూస్తూ కూర్చునేదాన్ని. తగిలినప్పుడు ఆ కథ మొత్తం చేత్తో రాసుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. బహుమతి అందుకున్న రచయిత ఆ బహుమతిని పాఠకుడికి తిరిగి ఇచ్చేస్తే ఏమవుతుందో తెలియాలంటే ఆ మేడ మెట్లెక్కి చూస్తే చాలు.

అలా రాసుకుని తెచ్చిన కథల్ని మా వాడలో చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసిన సంగతి ఒకటుంది. అది అసలు విషయం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలు సముద్రంలోకి పోకూడదు. మావాళ్లు ఆ అరవై ఒక్క రోజులూ ఒడ్డునే ఉంటారు. పొద్దున్న పడవకు రంగు వేస్తారు, ఇంజను విప్పి బాగుచేస్తారు, చెట్టు కింద కూర్చుని చిరిగిన వలలు అల్లుతారు. కొందరు కూలికి సూరత్, చెన్నై వెళతారు. మిగిలినవాళ్లకు సాయంత్రాలు ఖాళీ. ఎండ తగ్గాక మా అరుగు మీద కూర్చుని నేను చదువుతాను. పిల్లలొస్తారు, వాళ్ల వెనక తల్లులొస్తారు, వల అల్లుతున్న ముసలివాళ్లు వలతో సహా వచ్చి కూర్చుంటారు.

ఒక నిషేధ కాలంలో 'యజ్ఞం' చదివాను. పెద్ద కథ, రెండు సాయంత్రాలు పట్టింది. అప్పల్రాముడి బాకీ మీద ఊరి పెద్దలు తీర్పు చెప్పే కథ అది. చదువుతున్నంతసేపూ ఎవరూ కదల్లేదు. మా వాడలో ప్రతి ఇంటికీ షావుకారు దగ్గర బాకీ ఉంటుంది. వల కొనడానికి, ఇంజను కొనడానికి ముందు డబ్బు ఆయనే ఇస్తాడు, తరవాత పట్టిన చేప ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. తగువొస్తే కులపెద్దలు కూర్చుని తీర్పు చెబుతారు. అందుకని కథలోని తీర్పును వాళ్లు కథగా వినలేదు. "పంతులమ్మగోరూ, ఆ తీర్పు ఎలాగ సెల్లుద్దమ్మా? అసలెంత, వడ్డీ ఎంతయ్యిపోనాది?" అని ఒక పెద్దాయన లేచాడు. ఇంకొకాయన షావుకారు వైపు మాట్లాడాడు, ఆయన కూడా అప్పు తెచ్చే ఇచ్చాడు కదా అన్నాడు. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన కన్నకొడుకును నరికిన చోట ఆడవాళ్లు లేచిపోయారు. మర్నాడు తిరిగొచ్చి, ఆ తల్లి ఏమైందని అడిగారు. కథలో ఆ తల్లి గురించి ఎక్కువ లేదని చెబితే, ఎందుకు లేదన్నారు. ఆ ప్రశ్న నేను చదివిన విమర్శ పుస్తకాల్లో నాకు తగల్లేదు.

ఢిల్లీలో ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుని ఒక పుస్తకం మంచిదని తేలుస్తారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ చదవడం రాని మనుషులు రెండు సాయంత్రాలు విని, మూడో సాయంత్రం ఆ కథ మీద తగువులాడుకున్నారే, ఆ పరీక్షలో నెగ్గడం ఇంకా పెద్ద సంగతి. ఆ పరీక్షకు పుస్తకాన్ని పంపించే ఏర్పాటు మన పురస్కారాల్లో ఎక్కడా లేదు.

అన్ని పుస్తకాలూ నెగ్గవు. గోరటి వెంకన్న గారి 'వల్లంకి తాళం'కు 2021లో పురస్కారం వచ్చింది. అది చేతికి రావడమే ఆలస్యం, వాడంతా పాడుకుంది. పాట కదా, వలలాగేవాళ్లకు పాట కొత్త కాదు, పాలమూరు పలుకైనా పట్టేసుకున్నారు. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'కి ముందు తానా నవలల పోటీ బహుమతి, తరవాత 2019లో అకాడెమీ పురస్కారం వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ కథ. అది నాకు ప్రాణం. కానీ మావాళ్లకు చదివితే ఆ ఊళ్లు, ఆ పాళెగాళ్లు, నీళ్లు లేని ఆ నేల అందడానికి చాలా సాయంత్రాలు పట్టింది. పట్టనివ్వండి. శ్రీకాకుళం పలుకు వచ్చినవాళ్లకు అనంతపురం పలుకు వినపడాలంటే పుస్తకం తప్ప దారేముంది?

ఇక పండగల సంగతి. ఏటా జనవరి మొదటి రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లడం నాకు సంక్రాంతి కంటే ముందొచ్చే పండగ. 1989 నుంచీ నడుస్తున్న ఉత్సవం అది. అక్కడ పుస్తక ప్రియుల పాదయాత్ర జరుగుతుంది. బడిపిల్లలు, రచయితలు, మాలాంటి చదువరులు అట్టలు పట్టుకుని రోడ్డు మీద నడుస్తారు. సినిమా హీరో కోసమో ఓట్ల కోసమో కాకుండా పుస్తకం కోసం జనం వీధిలో నడవడం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. రెండు గుడ్డ సంచులు పట్టుకెళ్లి, నిండాక రైలెక్కుతాను. దుకాణాల మధ్య తిరుగుతున్నప్పుడు ఉన్నంత ఆనందం వేదిక ముందు కూర్చున్నప్పుడు ఉండదు. వేదికల మీద శాలువలు కప్పడానికే చాలా సమయం పోతుంది. వక్తలు ఒకరి తరవాత ఒకరు రచయితను పొగుడుతారు. చదివినవాళ్లు లేచి ఒక ప్రశ్న అడుగుదామనుకునేసరికి భోజనాల వేళ అవుతుంది. హైదరాబాదులో, జైపూర్‌లో జరిగే పెద్ద సాహిత్య ఉత్సవాల గురించి పేపర్లో చదువుతాను. అవి జరగాలి. అక్కడ మెరిసిన పుస్తకం చిన్న ఊళ్లకు దిగే మెట్లు కూడా వెయ్యాలన్నదే నా కోరిక.

డిసెంబరు చివర మా ఒడ్డున కూడా ఉత్సవం జరుగుతుంది. ఆటపాటలు, తినుబండారాలు, పర్యాటకుల సందడి. ఊరికి నాలుగు డబ్బులొస్తాయి, మంచిదే. పుస్తకాల పండగ మాత్రం మాకు డిసెంబరులో వద్దు. డిసెంబరులో మావాళ్లు సముద్రం మీద ఉంటారు. పుస్తకాల పండగ వేట నిషేధంలో పెట్టాలి. మేలో ఎండ మండిపోతుందంటారు. సాయంత్రం అయిదు దాటాక ఇక్కడ గాలి తిరుగుతుంది, రాత్రి తొమ్మిది దాకా హాయిగా కూర్చోవచ్చు. శ్రోతలు ఖాళీగా ఉన్న కాలం చూసుకుని ఉత్సవం జరపడం ఎక్కడైనా మొదలుపెట్టాలంటే ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

అది రెండు భాషల పండగ కావాలి. ఇది నాకు చాలా ముఖ్యం. సాహిత్య అకాడెమీ పురస్కారాలు మొదలైన 1955లో తెలుగుకు సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర', ఒడియాకు గోపీనాథ్ మహంతి గారి 'అమృతర సంతాన' ఎంపికయ్యాయి. నా నోటుపుస్తకం ఆ రెండు పేర్లతో మొదలవుతుంది. కొరాపుట్ కొండల్లోని కోందుల జీవితం మీద రాసిన ఆ నవలను పురిపండా అప్పలస్వామి గారు 'అమృత సంతానం'గా తెలుగులోకి తెచ్చారు. రెండూ చదివినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఉత్తరాంధ్ర మనిషి చేతిలో పడడం ఆ నవల అదృష్టం. ఆ కొండలకు అటువైపు ఎంత దగ్గరో ఇటువైపూ అంతే దగ్గర. 2025లో బాను ముష్తాక్ గారి కన్నడ కథలకు అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చినప్పుడు యాభై వేల పౌండ్లను రచయిత్రి, అనువాదకురాలు దీపా భాస్తి సమానంగా పంచుకున్నారు. మన అకాడెమీ 1989 నుంచి అనువాదాలకు విడిగా బహుమతి ఇస్తోంది, మంచి పని. ఆ మొత్తం మాత్రం యాభై వేలు, మూల రచనకిచ్చే దానిలో సగం. రెండు భాషల మధ్య బతికే మాబోటివాళ్లకు అనువాదకులు రచయితతో సమానులే. ఆ సగం అన్న లెక్క మారాలి.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. తెలుగు రాష్ట్రాల్లో తల్లిదండ్రుల పేరున, గురువుల పేరున ఏటా ఎన్నో సాహిత్య పురస్కారాలు ఇస్తున్నారు. ఇచ్చేవాళ్లు ప్రేమతో ఇస్తున్నారు. పాతిక వేలు ఇచ్చే సంస్థ ఇంకో పదిహేను వేలు పక్కన పెడితే, రెండు వందల రూపాయల పుస్తకం డెబ్బై అయిదు ప్రతులు వస్తాయి. సభకు అయ్యే పూలదండలు, జ్ఞాపికలు, హాలు అద్దె కొంచెం తగ్గించుకుంటే ఆ డబ్బు అక్కడే కనపడుతుంది. ఆ ప్రతులు తెలుగు రాష్ట్రాల బయట తెలుగువాళ్లున్న చోట్లకు పంపాలి: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఖరగ్‌పూర్, జంషెడ్‌పూర్, భిలాయి, షోలాపూర్, భివండి, సూరత్, బళ్లారి, హొసూరు. ప్రతిచోటా ఒక తెలుగు సంఘమో, ఒక గుడి మండపమో, ఒక బడో ఉంటుంది. పుస్తకాలు దాచి, అడిగినవాళ్లకు ఇచ్చే మనిషి ఒక్కరు దొరికితే చాలు.

పంపే ఖర్చు గురించి కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో తపాలా శాఖ బుక్ పోస్టును నిలిపేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు, నాలాంటి పాఠకులు చాలా దిగులుపడ్డాం. పుస్తకం ధర ఒక ఎత్తు, పంపే ఖర్చు ఒక ఎత్తు అయిపోయింది. 2025 మే 1 నుంచి విద్యా, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ తెచ్చారు. మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, అయిదు కిలోలకు వంద రూపాయలు, పన్ను అదనం. పావుకిలో పుస్తకాలైతే వంద రూపాయల చిల్లరకు ఇరవై వస్తాయి. ఇది ఎక్కువమందికి తెలియలేదు. పురస్కారాలిచ్చే సంస్థలు తెలుసుకుంటే ఒక్క కట్టతో ఒక వాడకు ఏడాది చదువు పంపొచ్చు.

ఇంకొక ఆలోచన ఉంది. దీనికి కొందరు తెలుగు పెద్దలు ఒప్పుకోరని తెలుసు, అయినా చెబుతాను. మా వాడల పిల్లలకు తెలుగు మాట వచ్చు, ఒడియా లిపి వచ్చు. తెలుగు కథల్ని తెలుగులోనే ఉంచి, ఒడియా అక్షరాల్లో అచ్చు వేసి వాళ్లకిస్తే ఇవాళే చదువుతారు. నేను వేమన పద్యాలు కొన్ని, చిన్న కథలు కొన్ని ఒడియా లిపిలో చేత్తో రాసి ఇచ్చాను. ఇంట్లో వినే మాటే కాగితం మీద కనపడేసరికి పిల్లలు పగలబడి నవ్వారు, వెంటనే అమ్మకు చదివి వినిపించడానికి పరుగెత్తారు. లిపి మారితే తెలుగు పోతుందని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కథ రుచి తెలిసిన పిల్ల తెలుగు లిపి తనే నేర్చుకుంటుంది. నేను చందమామలో నేర్చుకున్నది అలాగే. కథ లేకుండా ముందు గుణింతాలు దిద్దించిన చోట పిల్లలు రెండో వారానికి రావడం మానేస్తున్నారు. అకాడెమీ బాల సాహిత్య పురస్కారం పొందిన తెలుగు పుస్తకాల్లో ఒక్కటైనా ఇలా ఒడియా లిపిలో తెస్తే, బరంపురం నుంచి కొరాపుట్ దాకా చదివే పిల్లలున్నారు.

అకాడెమీకి పల్లెలకు సాహిత్యాన్ని తీసుకెళ్లే గ్రామాలోక్ కార్యక్రమం ఉంది. దాన్ని ఒక ఏడాది ఇటు తిప్పితే బాగుంటుంది. తెలుగు రచయిత ఒకరు, ఒడియా రచయిత ఒకరు, వాళ్ల పుస్తకాలు అటూ ఇటూ చేసిన అనువాదకులు ఇద్దరు. అంతకన్నా పెద్ద బృందం అక్కర్లేదు. వేదిక, మైకు, శాలువలు కూడా అక్కర్లేదు. రచయిత తన పుస్తకంలోంచి ఒక గంట చదవాలి, మిగిలిన గంట జనం అడిగిన వాటికి జవాబు చెప్పాలి. మావాళ్లు గట్టిగానే అడుగుతారు.

వచ్చే నిషేధంలో చదవడానికి నేను పక్కన పెట్టుకున్నవి ఇవి: టి.పతంజలి శాస్త్రి గారి 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు', మధురాంతకం నరేంద్ర గారి 'మనోధర్మపరాగం', మళ్లీ ఒకసారి 'అమృత సంతానం'. మూడోది నా ప్రతి నలిగిపోయింది, కుట్టు ఊడింది, ఇంకొకటి కావాలి. 'విజయవిలాసం' హృదయోల్లాస వ్యాఖ్య ఎవరి దగ్గరైనా రెండు ప్రతులుంటే ఒకటి ధర్మారావు గారు పుట్టిన ఊళ్లో ఉండనివ్వండి. రచయితలెవరైనా రాదలిస్తే విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా రెండూ బరంపురంలో ఆగుతాయి. అక్కడి నుంచి గోపాల్‌పూర్‌కు బస్సులు, ఆటోలు ఉన్నాయి. ఏప్రిల్ 15 తరవాత ఏ సాయంత్రమైనా ఫరవాలేదు, అయిదు దాటాక రండి.